రెండోసారి అడగని పాట

మోహిల్ ఊరి పశువుల సంతలో క్యాంటీన్ నడిపిన ముప్పై ఒక్కేళ్ళలో నోరీన్ మక్‌గారీ ఏ మనిషినీ ఒక్కసారి అడిగి వదిలిపెట్టిన పాపాన పోలేదు. వానలో తడిసి, బూట్లకి పేడ అంటించుకుని ఏ రైతో కౌంటరు దగ్గరికి వచ్చేవాడు. టీ తాగుతావా అని అడిగేది. వద్దులే అనేవాడు. అప్పటికే కప్పు ఆమె చేతిలో ఉండేది. ఒక్క చుక్క తాగు అనేది. ఇప్పుడే ఇంట్లో తాగొచ్చాను, నిజం అనేవాడు. ముందు కూర్చో, బంగాళాదుంపలు ఇప్పుడే ఉడికాయి అనేది. అప్పుడు కూర్చునేవాడు. రెండు కప్పుల టీ తాగి, పళ్ళెం నిండా పంది మాంసం, క్యాబేజీ తిని, మూతి తుడుచుకుని లేచేవాడు. పొద్దున్నించి అతని కడుపులో ఏమీ పడలేదని అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు.

మోహిల్ ఉన్న లీట్రిం కౌంటీలో మొదటి వద్దుని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అది మర్యాద. రెండో వద్దు అంటే మనిషి మెత్తబడ్డాడని. మూడోసారి అడిగాక కూడా వద్దంటే, నిజంగానే వద్దేమో అని ఆలోచిస్తారు, అదీ కాసేపే. ఇది ఎక్కడా రాసిపెట్టి లేదు, ఎవరూ ఎవరికీ నేర్పరు.

అలాంటి మనిషిని అరవై ఆరో ఏట, పోర్చుగల్ ఎండలో, ఈతకొలను పక్కన, ఒకమ్మాయి ఒకే ఒక్కసారి అడిగి వదిలేసింది.

ఏటా అక్టోబరులో, ఆఖరి కోత గడ్డి లోపల పడ్డాక, టర్లీ బ్యాండు తన అభిమానుల్ని వెంటేసుకుని దక్షిణ పోర్చుగల్‌లో ఒక హోటల్లో వారం రోజులు దిగుతుంది. లీట్రిం, లాంగ్‌ఫర్డ్, కావన్, రోస్కామన్ కౌంటీల జనం నూట ఎనభై మంది దాకా వస్తారు. మగవాళ్ళకి మోచేతుల దాకా ఎరుపు, ఆ పైన పాల తెలుపు. ఎండ కోసం వచ్చి గొడుగుల కింద కూర్చుని ఎండని తిడుతుంటారు. టీ పొట్లాలు ఇంటి నుంచే తెచ్చుకుంటారు, హోటల్ టీ మీద ఎవరికీ నమ్మకం లేదు. రోడ్డు దాటితే సముద్రం. నోరీన్‌తో గది పంచుకునే అసంప్టా పదకొండేళ్ళుగా వస్తోంది, ఇంకా ఆ నీళ్ళలో కాలు పెట్టలేదు. ఎందుకు పెట్టాలి అంటుంది. ఆమె వచ్చింది డాన్స్ చెయ్యడానికి.

డాన్స్ రోజూ సాయంత్రం నాలుగింటికి, కొలను పక్కన గచ్చు మీద. మధ్యలో అభిమానుల పాటలు. రోజుకి ముగ్గురు చొప్పున, బ్యాండు వెనక వాయిస్తుంటే మైకు పట్టుకుని ఎవరి పాట వాళ్ళు పాడుకోవచ్చు. ఆ మూడు నిమిషాల కోసం శీతాకాలమంతా పశువుల కొట్టంలో సాధన చేసేవాళ్ళున్నారు. కానీ నేను పాడతాను అని నోరు తెరిచి అడిగేవాడు మాత్రం వాళ్ళలో ఒక్కడూ ఉండడు. అడిగించుకోవాలి.

పెద్దాయన డొమినిక్ టర్లీ ఉన్నంతకాలం దీనికేమీ ఇబ్బంది లేకపోయింది. సాక్సోఫోన్ పక్కన పెట్టి బల్లల మధ్యకి వచ్చేవాడు. ఒకసారి అడిగేవాడు, అబ్బే అనేవారు. మళ్ళీ అడిగేవాడు, గొంతు బాగాలేదనేవారు. మూడోసారి చెయ్యి పట్టుకునేవాడు, ఆ చెయ్యి వదలకముందే మనిషి స్టేజీ మీద ఉండేవాడు. నోరీన్‌ని మాత్రం పదేళ్ళు మూడేసి సార్లు అడిగినా లేవలేదు. భయం. కిందటేడు చివరి రోజున ఆయన నాలుగోసారి కూడా అడిగాడు. "వచ్చే ఏడు పాడాల్సిందే నోరీన్, మాటియ్యి" అన్నాడు. ఆమె మాటిచ్చింది. ఫిబ్రవరిలో ఆయన పోయాడు. పోయినవాడికిచ్చిన మాట మనసులో ఎంత బరువుగా కూర్చుంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. ఆ శీతాకాలమంతా ఆమె గిన్నెలు కడుగుతూ, కోళ్ళకి గింజలేస్తూ, అదే పాట పాడుకుంది. ఈసారి పాడతానని మొగుడు ఫ్రాన్సీకి చెప్పింది. అసంప్టా సంతలో అందరికీ చెప్పింది. క్యాంటీన్లో ఇప్పుడు పనిచేసే ఆడవాళ్ళు వీడియో పంపమని మరీ మరీ చెప్పి పంపారు.

ఇప్పుడు బ్యాండు కొడుకు కోర్మాక్ చేతిలో ఉంది. మంచివాడే, కానీ బల్లల మధ్యకి రావడం అతనికి చేతకాదు. అందుకని ఆ పని యాత్ర నడిపే కంపెనీ అమ్మాయి రూటా మీద పడింది. లిథువేనియా నుంచి డబ్లిన్ వచ్చి నాలుగేళ్ళయింది. చురుకైన పిల్ల, నూట ఎనభై మంది పేర్లు రెండో రోజుకే నోటికి పట్టేసింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక, డాన్స్ మొదలయ్యే ముందు, రూటా ఫోన్ చేత్తో పట్టుకుని నోరీన్ బల్ల దగ్గరికి వచ్చింది.

"నోరీన్, డొమినిక్ గారి పాత పట్టికలో మీ పేరుంది. ఈ వారం ఒక పాట పాడతారా?"

నోరీన్ అప్పటికే కుర్చీలో ముందుకు జరిగింది. "అబ్బే, నేనేంటి, పాటేంటి. బాగా పాడేవాళ్ళని చూసుకో అమ్మాయ్."

"సరే" అంది రూటా. చక్కగా నవ్వింది, ఫోన్లో ఏదో కొట్టేసింది, పక్క బల్లకి వెళ్ళిపోయింది.

పక్క బల్ల దగ్గర లాంగ్‌ఫర్డ్ నుంచి వచ్చిన కార్మెల్ డిగ్నన్ కూర్చుని ఉంది. మీరు పాడతారా అని రూటా అడగడం పూర్తి కాలేదు.

"ఓ, తప్పకుండా. రెండు పాడనా?" అంది కార్మెల్.

అసంప్టా టీ కప్పు కింద పెట్టింది. "విన్నావా? ఒక్కసారి. ఒక్కటంటే ఒక్కసారి అడిగితే లేచి కూర్చుంది."

"లాంగ్‌ఫర్డ్ వాళ్ళంతే" అంది నోరీన్. ఆమె చూపు మాత్రం రూటా వీపు మీదే ఉంది. ఇప్పుడు తిరిగి వస్తుంది, ఇదుగో వస్తోంది అనుకుంది. రూటా మూడో బల్లకి, నాలుగో బల్లకి వెళ్ళింది, ఆ తర్వాత హోటల్ లోపలికి వెళ్ళిపోయింది.

"రేపు వస్తుందిలే" అంది అసంప్టా.

ఆ సరే అన్న మాట నోరీన్ ఇంతకుముందు ఒకసారి విన్నది. అప్పుడామెకి పంతొమ్మిదేళ్ళు. ఊరి హాల్లో డాన్స్ మధ్య విరామంలో ఒక పాట పాడితే, డబ్లిన్ నుంచి వచ్చిన బ్యాండు నాయకుడు తర్వాత ఆమెని మెట్ల దగ్గర ఆపాడు. మా బ్యాండులో పాడటానికి వస్తావా అని అడిగాడు. నాకెక్కడ కుదురుతుందిలెండి అంది. ఇంకా రెండు వద్దులు నోట్లోనే ఉన్నాయి, వాటి తర్వాత చెప్పాల్సిన ఔను కూడా సిద్ధంగానే ఉంది. ఆయన సరే అన్నాడు. వ్యాన్ ఎక్కాడు. పాల కేంద్రం మలుపు తిరిగేదాకా ఆమె మెట్టు మీదే నిలబడి చూసింది. ఆ తర్వాత ఫ్రాన్సీ, ఇద్దరు పిల్లలు, సంత క్యాంటీన్, అన్నీ బాగానే జరిగాయి, ఆమెకి జీవితం మీద ఫిర్యాదు లేదు. కానీ ఆ సరే మీద ఉంది.

సోమవారం రూటా రాలేదు. అంటే వచ్చింది, బల్ల పక్క నుంచే నాలుగుసార్లు వెళ్ళింది, ఎండకి రాసుకునే క్రీము కావాలా అని అడిగింది, బుధవారం కొండ మీది కోటకి వెళ్ళే బస్సులో చోటు కావాలా అని అడిగింది. పాట మాటే లేదు. కావన్ ముసలాయన ఒకడు పాడాడు, కార్మెల్ పాడింది, కార్మెల్ చెల్లెలు పాడింది.

మంగళవారం నోరీన్ స్టేజీకి ఎదురుగా ముందు బల్లకి మారింది. రూటా దగ్గరగా వచ్చినప్పుడల్లా పాట సన్నగా కూనిరాగం తీసింది. ఫలితం లేకపోయేసరికి గొంతు సవరించుకుంది, ఒకసారి కాదు, మూడుసార్లు. రూటా ఆగింది. నోరీన్ నిటారుగా కూర్చుంది.

"జలుబు చేసిందా నోరీన్?" అని రూటా సంచిలోంచి రెండు దగ్గు బిళ్ళలు తీసి చేతిలో పెట్టి వెళ్ళింది.

అసంప్టా నవ్వలేక చచ్చింది. "పోనీ నేనెళ్ళి చెప్పనా? మా నోరీన్‌ని ఇంకోసారి అడుగు తల్లీ అని."

"చెప్పావంటే నీతో మాట్లాడను. చెప్పి అడిగించుకుంటే అది అడిగినట్టా?"

"మరేం చేస్తావ్? శుక్రవారం దాకా దగ్గుతూ కూర్చుంటావా?"

"దానికే తట్టాలి."

"దానికి తట్టదే. దాని మొహం చూడు, అద్దంలా ఉంది. చెప్పింది చెప్పినట్టు రాసుకుంటుంది."

సాయంత్రం ఫ్రాన్సీ ఫోన్ చేశాడు. పది ఆవులు, రెండు కుక్కలు, ఒక కోళ్ళగూడు వదిలి అతను ఎప్పుడూ ఎక్కడికీ రాడు. ఎర్ర ఆవు ఈనిందని చెప్పాడు.

"పాడావా?"

"లేదు."

"అడగలేదా?"

"అడిగారు."

"మరి?"

"ఒక్కసారే అడిగారు."

"ఒక్కసారేనా" అన్నాడు ఫ్రాన్సీ. ఎవరైనా పోయారని వింటే అనే గొంతుతో అన్నాడు. ఇంక వివరించాల్సిన పని లేకపోయింది.

నోరీన్‌కి ఒక ఉపాయం తోచింది. నేర్పిస్తే నేర్చుకుంటుంది కదా అనుకుంది. రూటా పొద్దున్నే భోజనాల గది గుమ్మం దగ్గర నిలబడి, నల్ల కాఫీ తాగుతూ బస్సుకి వెళ్ళేవాళ్ళని లెక్కపెట్టుకుంటుంది. ఆమె ఏదీ తినదని నోరీన్ మొదటి రోజే గమనించి, సోమ, మంగళవారాల్లో ఊరికే అలవాటుగా పళ్ళెం పట్టుకెళ్ళింది. బుధవారం మాత్రం పాఠం చెప్పే ఉద్దేశంతోనే వెళ్ళింది. అడగడమంటే ఇలా ఉంటుంది అని ఆ పిల్లకి కళ్ళకి కట్టినట్టు చూపించాలని.

"రెండు సాసేజిలు తిను అమ్మాయ్."

"వద్దు, థాంక్స్."

"ఒక్కటి తిను."

"నేను పొద్దున తినను నోరీన్."

"గుడ్డయినా తిను. ఎముకల గూడులా ఉన్నావ్. కూర్చో, నేను జనాన్ని లెక్కపెడతాను." అని పళ్ళెం ఆమె చేతిలో పెట్టేసింది.

రూటా పళ్ళెం పట్టుకుని, అటూ ఇటూ చూసి, ఎక్కడా పెట్టడానికి చోటు లేక, బస్సులోకి కూడా దాన్ని మోసుకెళ్ళింది. ఆ సాయంత్రం కూడా నోరీన్‌ని ఎవరూ అడగలేదు. కార్మెల్ మూడో పాట పాడింది. శ్రుతి కూడా సరిగా కలవలేదు. అంతమంది ముందు శ్రుతి తప్పడానికి కూడా సిగ్గు లేకుండా పుట్టాలి అనుకుంది నోరీన్, ఆ వెంటనే అలా అనుకున్నందుకు సిగ్గుపడింది. నిజానికి ఆమెకి కార్మెల్ మీద కోపం కాదు, అసూయ. అడగ్గానే ఔనంటే ఆకాశం విరిగి మీద పడదని కార్మెల్‌కి ఎవరు చెప్పారో.

గురువారం పొద్దున నోరీన్ మళ్ళీ పళ్ళెం తీసుకెళ్ళింది. మొదటి వద్దు అయింది, రెండో వద్దు అయింది. మూడోసారి పళ్ళెం ముందుకు చాచేసరికి రూటా కాఫీ కప్పు గుమ్మం పక్క బల్ల మీద పెట్టింది. ఆమె మొహం ఎర్రబడింది.

"నోరీన్, నేను వద్దన్నాను. సోమవారం వద్దన్నాను, మంగళవారం వద్దన్నాను, నిన్న వద్దన్నాను. నిన్న ఆ సాసేజిలు కోట గోడ మీద పిల్లికి పెట్టాను. మీరు నా మాట ఎందుకు వినరు?"

భోజనాల గదిలో ఫోర్కుల చప్పుడు ఆగింది.

"వినకపోవడమేంటమ్మాయ్. మర్యాదకి అంటున్నావనుకున్నాను."

"నేను మర్యాదకి అనను. వద్దంటే వద్దు."

నోరీన్‌కి వారం నుంచి లోపల ఉడుకుతున్నదంతా పైకి పొంగింది. "అయితే నేను పాడనన్నప్పుడు కూడా అదే నిజమనుకున్నావా?"

రూటా ఆమె వంక అర్థం కానట్టు చూసింది. "మీరు చెప్పారు. నేను నమ్మాను."

"నమ్మాల్సింది కాదు."

"ఎందుకు?" రూటా గొంతులో ఇప్పుడు కోపం లేదు, దిగులుంది. "మా అమ్మమ్మ ఊళ్ళో ఒక మనిషి వద్దన్నాక మళ్ళీ అడిగితే, నువ్వు అబద్ధమాడావు అన్నట్టు. నేను మిమ్మల్ని గౌరవించాను నోరీన్. మీరు పాడాలనుకుంటే పాడతానని చెప్పొచ్చు కదా. ఇవాళ్టికీ రేపటికీ ముగ్గురేసి కుదిరిపోయారు."

బయట బస్సు హారన్ కొట్టింది. రూటా వెళ్ళిపోయింది. నోరీన్ పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడింది. ఆ గదిలో ఉన్నవాళ్ళందరూ ఆమె పక్షమే, ఒక్కరికి కూడా ఆ పిల్ల అన్నది తలకెక్కలేదు. అయినా గౌరవించాను అంటే ఏమంటారు?

ఆ సాయంత్రం ఆమె డాన్స్‌కి దిగలేదు. తల నొప్పి అని చెప్పింది, అసంప్టా ఒకసారి రమ్మంది, రెండోసారి రమ్మంది, మూడోసారి అనబోతుంటే నోరీన్ తలుపేసింది. బాల్కనీలో ఆరేసిన తువ్వాళ్ళ మధ్య కూర్చుంది. కింద బ్యాండు త్వరత్వరగా వాయిస్తోంది, నూట ఎనభై మంది కాళ్ళు గచ్చు మీద పడుతున్నాయి. ఆమెకి రూటా మీద కోపమొచ్చింది, చనిపోయిన డొమినిక్ మీద కోపమొచ్చింది, తన తల్లి మీద, లీట్రిం మొత్తం మీద కోపమొచ్చింది. పాడతాను అన్న నాలుగక్షరాల కోసం నలభై ఏడేళ్ళు ఒకరి నోటి వంక చూస్తూ కూర్చున్న తన మీద అన్నిటికన్నా ఎక్కువ కోపమొచ్చింది. కిందకెళ్ళి చెప్పేస్తే సరిపోతుంది. ఇరవై రెండు మెట్లు. ఆమె లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది. రేపటికి ముగ్గురూ కుదిరిపోయారు. మాటిచ్చిన మనిషి నేల కింద ఉన్నాడు.

శుక్రవారం చివరి డాన్స్. నోరీన్ ఆకుపచ్చ గౌను వేసుకుని వచ్చి వెనక బల్ల దగ్గర కూర్చుంది. ఇంక ముందు కూర్చుని చేసేదేముంది. ముగ్గురూ పాడారు, జనం చప్పట్లు కొట్టారు. ఇంకొక్క వాల్ట్జ్, జంటలుగా ఆడే నిదానం డాన్స్, మిగిలింది. ఆ వాల్ట్జ్ అయితే సెలవులు అయిపోయినట్టే.

రూటా బల్లల మధ్య నుంచి వచ్చింది. నోరీన్ కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది, ఇద్దరి మొహాలూ సమంగా ఉండేట్టు.

"కోర్మాక్ చివరి వాల్ట్జ్ ముందు నాలుగు నిమిషాలు ఇచ్చాడు. నేను ఒక్కసారే అడుగుతాను నోరీన్. రెండోసారి అడగను. పాడతారా?"

అసంప్టా బల్ల కింద నోరీన్ కాలు తొక్కింది, గట్టిగా. అబ్బే అన్న మాట నోరీన్ పళ్ళ దాకా వచ్చేసింది. పుట్టినప్పటి నుంచి అదే మొదట వస్తోంది, దాన్ని ఆపాల్సిన పని ఆమెకి ఎన్నడూ పడలేదు. పెదాలు బిగించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రూటా కదలకుండా చూస్తోంది. తను ఏ జవాబు చెప్తే ఆ పిల్ల ఆ జవాబే తీసుకుని వెళ్ళిపోతుంది, అందులో అనుమానం లేదు.

"పాడతాను" అంది నోరీన్.

అది తన చెవికే సిగ్గుమాలిన మాటలా వినిపించింది. అసంప్టా శిలువ గుర్తు వేసుకుంది.

స్టేజీ మీద కోర్మాక్ ఏ శ్రుతి అని అడిగాడు. "నాకేం తెలుసు, నువ్వే వెతుక్కో" అంది. ఆమె పాడింది తన మేనమామ కట్టిన పాట, ఎక్కడా అచ్చు కాలేదు. వాళ్ళ ఊరి చిన్న రైలు ఆగిపోయిన రోజున కట్టాడు. నువ్వు వెళ్ళిపోతే పాల క్యాన్లు ఎవరు మోస్తారు, ఆదివారం పూట మమ్మల్ని ఒకరి దగ్గరికి ఒకరిని ఎవరు చేరుస్తారు అని రైలుని అడుగుతుంది ఆ పాట. మొదటి చరణానికి జనం జంటలుగా తిరిగారు. రెండో చరణానికి లీట్రిం వాళ్ళు ఆగిపోయారు, చేతులు పట్టుకుని నిలబడే విన్నారు. ఒకచోట గొంతు చీలింది. ఆమె ఆగలేదు, చీలిన గొంతుతోనే ఆ వాక్యం దాటి అవతలికి వెళ్ళింది. కోర్మాక్ వెనక సన్నగా సాక్సోఫోన్ అందుకున్నాడు. అది వాళ్ళ నాన్నది. పాట అయిపోయాక ఆమె కళ్ళు తెరిచింది. ఇచ్చిన మాట చెల్లించేసింది. ఒంట్లో ఇంక పిసరంత శక్తి కూడా లేదు.

అప్పుడు మొదలైంది అసలు గొడవ.

"ఇంకొకటి నోరీన్."

"చాలు" అంది మైకులో.

అందరూ నవ్వారు. మొదటి వద్దు కదా. కోర్మాక్ ముందుకు వంగాడు. "ఇంకొక్కటి, నాన్న కోసం."

"వద్దు కోర్మాక్, నిజం."

నిజం అని అందరూ రెండోసారే అంటారు. జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. "అడగండి, అడగండి, మెత్తబడుతోంది" అని అసంప్టా వెనక బల్ల నుంచి అరిచింది. లాంగ్‌ఫర్డ్ వాళ్ళు కాళ్ళతో నేల చరుస్తున్నారు. ఇంకో మాట పాడితే నోరీన్ అక్కడే ఏడుస్తుంది. ఆ ఏడుపు ఎవరి ముందూ ఏడవాలని ఆమెకి లేదు. వద్దు అని మూడోసారి తల ఊపింది. అంత జనంలో ఒక్కడు కూడా నమ్మలేదు. వాళ్ళని తప్పుపట్టడానికి లేదు, ఆమె కూడా నమ్మేది కాదు. జీవితమంతా ఊరికే వద్దులు చెప్పుకుంటూ వచ్చి, నిజంగా వద్దని చెప్పాల్సిన పూట చెప్పడానికి ఒక్క మాట కూడా మిగుల్చుకోలేదు.

రూటా మెట్లెక్కి వచ్చింది. నోరీన్ చేతిలోంచి మైకు మెల్లగా తీసుకుంది.

"ఆవిడ వద్దన్నారు" అంది.

చప్పట్లు ఆగిపోయాయి. ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. కోర్మాక్ ఒక క్షణం ఇద్దరి వంకా చూసి చివరి వాల్ట్జ్ ఎత్తుకున్నాడు. రూటా నోరీన్ మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపి, నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. టీ కావాలా అని అడిగింది. నోరీన్ తల ఊపింది. ఎటు ఊపిందో ఆమెకే తెలియలేదు కానీ రూటా సరిగ్గానే అర్థం చేసుకుంది.

మర్నాడు విమానాశ్రయంలో రూటా అందరి పెట్టెలూ సరిచూస్తూ అటూ ఇటూ పరిగెడుతోంది. నోరీన్ సంచిలో ఇంటి నుంచి తెచ్చిన ఎండుద్రాక్ష రొట్టె సగం మిగిలింది.

"రొట్టె తింటావా అమ్మాయ్?"

"వద్దు నోరీన్, థాంక్స్."

నోరీన్ చెయ్యి అప్పటికే పొట్లం విప్పుతోంది. ఆపింది. పొట్లం మళ్ళీ చుట్టింది, సంచిలో పెట్టింది, జిప్పు లాగింది. ఆ జిప్పు లాగడం ఆమెకి నిన్నటి పాట కన్నా కష్టమైంది.

నాక్ విమానాశ్రయంలో దిగేసరికి వాన. ఫ్రాన్సీ కారు తెచ్చాడు. పెట్టె వెనక పెట్టి, వైపర్లు వేసి, చార్ల్స్‌టౌన్ దాటాక అడిగాడు.

"పాడావా?"

"పాడాను."

"మళ్ళీ అడిగారన్నమాట."

"అడిగారు. ఈసారి కూడా ఒక్కసారే."

ఫ్రాన్సీ రోడ్డు వంక చూస్తూ ఫ్రెంచ్‌పార్క్ దాకా నడిపాడు. అక్కడ కారు కాస్త నెమ్మదించి, వెనక ఎవరైనా ఉన్నారేమో అన్నట్టు అద్దంలో చూశాడు.

"మొదటిసారికే ఔనన్నావా?"

"అన్నాను."

"పోనీలే" అన్నాడు ఫ్రాన్సీ. "సంతలో మాత్రం మూడుసార్లు అడిగారని చెబుదాం."

నోరీన్ కిటికీ వంక తిరిగింది. తడిసిన పొలాలు వెనక్కి పోతున్నాయి. వద్దులే ఫ్రాన్సీ, ఒక్కసారే అని చెప్పు అంది. అతను నవ్వి ఊరుకున్నాడు. ఆ వద్దుని అతను నమ్మలేదని ఆమెకి తెలుసు.